కురిచేడుకి ఎన్ని అక్షరాలు?

గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే రైల్లో వినుకొండ దాటాక కురిచేడు, దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు వరసగా వస్తాయి. పశ్చిమ ప్రకాశంలో పుట్టి పెరిగినవాళ్లకి ఈ పేర్లు నిద్రలో లేపి అడిగినా తప్పిపోవు. అవే పేర్లు ఒక ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కాక మాత్రం తికమక మొదలవుతుంది. ఒకరు మార్కాపురం అని కొడతారు, ఇంకొకరు మార్కాపూర్ అని కొడతారు. ఒక ఆఫీసు నుంచి ఎర్రగొండపాలెం అని వస్తే మరో ఆఫీసు నుంచి యర్రగొండపాలెం అని వస్తుంది. ఇంగ్లీషులో అయితే కంభానికి తెల్లదొరల నాటి స్పెల్లింగ్ ఒకటి, పలికినట్టు రాసేది ఇంకొకటి. చదివే మనిషికి అన్నీ ఒకే ఊరు. కంప్యూటర్‌కి ఒక్క అక్షరం తేడా ఉన్నా అవి రెండు ఊళ్లు. మండలాలవారీగా మొత్తం తీస్తే ఒకే మండలం మూడు చోట్ల తేలి, మూడు చోట్లా లెక్క తక్కువే చూపిస్తుంది.

2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైనప్పటి నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి జాబితాలు ఊరి దాకా వచ్చేశాయి. సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ దగ్గర, బడిలో హెడ్మాస్టరు దగ్గర, సొసైటీలో గుమస్తా దగ్గర, డీటీపీ షాపులో ఆపరేటర్ దగ్గర ఇదే పని నెలనెలా తిరిగి వస్తుంది. ఫైల్ తెరవడం, ఒక్కో పేరూ వెతికి మార్చడం, సేవ్ చేయడం. మళ్లీ నెలలో కొత్త ఫైల్, పాత తప్పులు.

ఈ పనికి నాలుగు వరుసల స్క్రిప్ట్ చాలు.

స్క్రిప్ట్ అంటే పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ లేదు. కంప్యూటర్‌కి ఒకదాని తర్వాత ఒకటిగా ఇవ్వాల్సిన ఆదేశాలను మామూలు టెక్స్ట్ ఫైల్‌లో రాసి పెట్టుకుంటే అదే స్క్రిప్ట్. ఊరి పేర్ల సంగతే తీసుకుంటే, ఒక చిన్న పట్టిక తయారు చేసుకోవాలి: ఎడమవైపు వచ్చే రకరకాల రూపాలు, కుడివైపు ఉండాల్సిన రూపం. 'సెడ్' అనే పాత ఆదేశం ఆ పట్టిక ప్రకారం ఫైల్ మొత్తాన్ని ఒక్క ఊపులో సరిచేస్తుంది. పదివేల వరుసలున్నా క్షణాల పని. వచ్చే నెల ఫైల్‌కీ అదే స్క్రిప్ట్. కొత్త తప్పు రూపం ఏదైనా కనిపిస్తే పట్టికలో ఇంకో వరుస చేరుతుంది, అంతే.

ఇక్కడ ఊరి సంగతి తెలిసినవాళ్లకే పట్టుబడే మెలికలు ఉంటాయి. కంభం అనే నాలుగు గుర్తుల వరుస ఎక్కడున్నా మార్చమంటే కంభంపాటి అనే ఇంటిపేరు కూడా చెడిపోతుంది. ఇంగ్లీషు జాబితాలో కంభం కనిపించిందంటే అది మన ఊరే అనుకోవడానికీ లేదు. తమిళనాడు తేని జిల్లాలో అదే స్పెల్లింగ్‌తో ఇంకో పట్టణం ఉంది. పిన్‌కోడ్ 523తో మొదలైతే మనది, 625తో మొదలైతే వాళ్లది. స్క్రిప్ట్‌లో ఈ ఒక్క షరతు చేర్చాలని బెంగళూరులోనో పుణెలోనో కూర్చున్న ప్రోగ్రామర్‌కి తట్టదు. గిద్దలూరు గుమస్తాకి తడుతుంది. ఈ చిన్న పనిముట్లు పెద్ద కంపెనీల నుంచి రావాలని ఎదురు చూడకుండా పని చేసే చోటే తయారు కావాలనడానికి కారణం ఇదే.

సెడ్ లాంటి పనిముట్లన్నీ అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో 1970లలో, యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ చుట్టూ పుట్టాయి. ఒక ప్రోగ్రాము ఇచ్చే ఫలితాన్ని నేరుగా ఇంకో ప్రోగ్రాములోకి పారించాలని డగ్లస్ మెకిల్‌రాయ్ 1964లోనే ఒక కాగితం మీద రాసి పెట్టాడు. కెన్ థాంప్సన్ దాన్ని 1973లో యూనిక్స్‌లోకి తెచ్చాడు. పైపు అనే పేరు అలా నిలిచింది. ఫైళ్లలో మాటలు వెతికే 'గ్రెప్' కూడా థాంప్సన్ చేతి పనే. అమెరికా రాజ్యాంగ చర్చల నాటి వ్యాసాలు ఎవరు రాశారో తేల్చడానికి లీ మెక్‌మాన్ అనే సహోద్యోగి పెద్ద పాఠాలతో కుస్తీ పడుతుంటే, అతనికి పనికొస్తుందని థాంప్సన్ గ్రెప్‌ని సిద్ధం చేసి ఇచ్చాడు. సెడ్ రాసింది ఆ మెక్‌మానే. నిలువు వరుసల లెక్కలు చూసే 'ఆక్' 1977లో వచ్చింది. ఈ పనిముట్లు యాభై ఏళ్ల నాటివైనా ఇప్పటికీ ప్రతి లినక్స్ కంప్యూటర్‌లో, ప్రతి మ్యాక్‌లో సిద్ధంగా ఉంటాయి.

వీటి సత్తాకి నిదర్శనంగా ప్రోగ్రామర్లు తరచూ చెప్పుకునే ఉదంతం 1986 నాటిది. ఒక పాఠంలో ఎక్కువసార్లు వచ్చిన మాటలేవో లెక్క తీసే ప్రోగ్రాము రాయమని జాన్ బెంట్లీ తన పత్రికా శీర్షిక కోసం డొనాల్డ్ కనూత్‌ని అడిగాడు. కనూత్ పాస్కల్ భాషలో పేజీల కొద్దీ వివరణతో అందమైన ప్రోగ్రాము రాసి ఇచ్చాడు. దాన్ని సమీక్షించిన మెకిల్‌రాయ్, అదే పని చేసే యూనిక్స్ ఆదేశాలు ఆరింటిని పైపులతో కలిపి చూపించాడు. మాటలను విడదీయి, చిన్న బడి అక్షరాల్లోకి మార్చు, వరసలో పెట్టు, ఒకేలా ఉన్నవాటిని కలిపి లెక్కపెట్టు, లెక్క ప్రకారం మళ్లీ వరసలో పెట్టు, మొదటి కొన్నింటిని చూపించు. అంతే పని. కనూత్ రాసినదాని విలువ వేరు, అది ఎలా ఆలోచించాలో నేర్పుతుంది. కానీ మధ్యాహ్నం రెండింటికల్లా జాబితా పంపాల్సిన మనిషికి కావాల్సింది మెకిల్‌రాయ్ దారి.

ఆ ఆరు ఆదేశాల వరుసను తెలుగు పాఠం మీద నడిపితే ఏమవుతుంది? ఒక్క మాట కూడా బయటికి రాదు. ఇంగ్లీషు అక్షరం కానిదల్లా మాటకీ మాటకీ మధ్య ఖాళీయే అని మొదటి ఆదేశం అనుకుంటుంది. అందులో వాడిన 'టీఆర్' అనే పనిముట్టు, లినక్స్‌లో దొరికే రూపంలో, ఇప్పటికీ అక్షరాలను కాకుండా బైట్లనే చూస్తుంది.

కురిచేడు అనే పేరులో బడిపిల్లలు నాలుగు అక్షరాలు లెక్కపెడతారు. యూనికోడ్‌లో అవి 8. క ఒకటి, దాని కొమ్ము ఒకటి; ర, దాని గుడి; చ, దాని ఏత్వం; డ, దాని కొమ్ము. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు పడతాయి కాబట్టి డిస్కు మీద ఆ పేరు 24 బైట్లు తీసుకుంటుంది. నాలుగా, ఎనిమిదా, ఇరవైనాలుగా? ఏ పనిముట్టు ఏ లెక్క చూస్తుందో తెలియకపోతే స్క్రిప్ట్ తప్పుదారి పడుతుంది. ఫారంలో ఊరి పేరుకి 20 బైట్లే కేటాయించిన పాత డేటాబేస్‌లో కురిచేడు పట్టదు. తెలుగు ఎస్సెమ్మెస్ ఒక్కోటి 70 గుర్తులకే ఆగిపోతుంది, ఇంగ్లీషుకి ఆ హద్దు 160. ఆ 70లో ఊరి పేరే 8 తినేస్తుంది.

పైథాన్ భాషలో ఇంకో గొయ్యి ఉంది. ఈ రోజుల్లో కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా పైథాన్‌తోనే మొదలుపెడుతున్నారు, అందుకే ఇది చెప్పుకోవాలి. మాటలను ఏరడానికి పాఠ్యపుస్తకాల్లో నేర్పే మామూలు గుర్తు ఒకటుంది: బ్యాక్‌స్లాష్ పక్కన డబ్ల్యూ. ఇంగ్లీషులో అది చక్కగా పని చేస్తుంది. పైథాన్‌తో పాటు వచ్చే 'ఆర్ఈ' మాడ్యూల్‌లో తెలుగు గుణింతపు గుర్తులు దాని లెక్కలోకి రావు. కురిచేడు ఇస్తే క, ర, చ, డ అని నాలుగు ముక్కలు చేసి చేతిలో పెడుతుంది. ప్రోగ్రాము ఆగిపోదు, తప్పు అని చెప్పదు. లెక్క మాత్రం చెడుతుంది. దీనికి మందు ఒక్క వరుసే: ఆ గుర్తుకి బదులు యూనికోడ్‌లో తెలుగుకి కేటాయించిన గది మొత్తాన్ని, 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా, మాటలో భాగంగా తీసుకోమని చెప్పాలి. ఆ వరుసకి ఇంకొక్క గుర్తు కూడా చేర్చాలి, 200సీ. కంటికి కనపడని గుర్తు అది. సాఫ్ట్‌వేర్, మార్క్‌షీట్ లాంటి మాటల్లో ముందు హల్లు కింద తర్వాతి హల్లు ఒత్తుగా పడిపోకుండా అడ్డు నిలుస్తుంది. ఒకరు దాన్ని పెట్టి టైపు చేస్తే, ఇంకొకరు పెట్టకుండా వెతికితే, ఎదురుగా ఉన్న మాట కూడా దొరకదు. వెతికే ముందు రెండు చోట్లా ఆ గుర్తును తీసేసి పోల్చడం తెలుగు జాబితాల మీద పని చేసే ఎవరికైనా చేతిలో ఉండాల్సిన మొదటి స్క్రిప్ట్.

తెలుగు ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరవగానే అక్షరాలన్నీ పిచ్చి గీతలుగా కనిపించడం చాలామంది చూసే ఉంటారు. ఆ గీతల్లో కూడా ఒక క్రమం ఉంది. పైన వాలు గీత ఉన్న ఇంగ్లీషు ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో పదేపదే కనిపిస్తే ఆ ఫైల్ చెడిపోలేదని అర్థం. యూటీఎఫ్-8లో ఉన్న తెలుగును ఎక్సెల్ పాత పాశ్చాత్య పద్ధతిలో చదువుతోందంతే, ఎందుకంటే ప్రతి తెలుగు గుర్తూ ఆ రెండు జంటల్లో ఒకదానితోనే మొదలవుతుంది. ఫైల్ మొదట్లో 3 బైట్ల గుర్తింపు ముద్ర ఒకటి చేరిస్తే ఎక్సెల్ సరిగా చదువుతుంది. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు 'బామ్‌తో యూటీఎఫ్-8' ఎంచుకున్నా సరిపోతుంది. ఇది తెలియక చేతిలో ఉన్న మంచి ఫైల్‌ని పారేసి, పేర్లన్నీ మళ్లీ మొదటి నుంచి టైపు చేసినవాళ్లున్నారు.

ఎక్సెల్ ఇంకో అన్యాయం కూడా చేస్తుంది. అది 15 అంకెల వరకే నమ్మకంగా నిలుపుకుంటుంది. 16 అంకెల బ్యాంకు ఖాతా నంబరును మామూలు గడిలో కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది. 12 అంకెల ఆధార్ అయితే అంకెలు పోవు కానీ దశాంశ చుక్కా, ఇంగ్లీషు 'ఈ' అక్షరమూ కలిసిన పొట్టి రూపంలో కనిపిస్తుంది. నిలువు వరుసను ముందుగానే 'టెక్స్ట్'గా మార్చి పెట్టుకోవడమే దీనికి సెట్టింగ్. లబ్ధిదారుల జాబితాలో ఒక్క అంకె తేడాతో డబ్బు ఆగిపోయే చోట, ఈ అర నిమిషం పని ఒక కుటుంబానికి నెల రోజుల తిరుగుడు తప్పిస్తుంది. తేదీల విషయమూ అంతే. కొత్త కంప్యూటర్ అమెరికా పద్ధతిలో వస్తే 03/04 అంటే మార్చి 4 అనుకుంటుంది. విండోస్ రీజియన్‌ను ఇండియాకి మారిస్తే ముందు రోజు, తర్వాత నెల వస్తాయి, లక్షల దగ్గర కామాలు కూడా మన పద్ధతిలో పడతాయి.

కంప్యూటర్‌లో తెలుగు నిలబడిందే ఇలాంటి చిన్న ప్రోగ్రాముల మీద. 1990ల తొలినాళ్లలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు రాసే ఒక పద్ధతిని ఏర్పరచారు. ఆర్టీఎస్ అన్న పేరు దానికే. అమెరికాలో చెదిరి ఉన్న తెలుగువాళ్లు ఇంటర్నెట్ చర్చల్లో తెలుగు మాటను అందరికీ ఒకేలా అర్థమయ్యేట్టు రాసుకోవడానికి అది దారి వేసింది. తర్వాతి రోజుల్లో ఈనాడు, వార్త వంటి పత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వారు వాడుకునేవి, ఒకదానిలోని అక్షరం ఇంకోదానిలో చెల్లేది కాదు. వెన్న నాగార్జున రాసిన 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు ఆ ఫాంట్ల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. వీవెన్ తయారు చేసిన 'లేఖిని' ఆ పద్మ మీదే నిలిచి, ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించుకోకుండా బ్రౌజర్‌లోనే తెలుగు టైపు చేసే వీలు కల్పించింది. మార్కాపురం, పొదిలి, దర్శి డీటీపీ షాపుల్లో అను ఫాంట్లలో పెళ్లి పత్రికలు, కరపత్రాలు కూర్చిన పాఠాన్ని ఈరోజు వాట్సాప్‌లోకి మార్చే కన్వర్టర్లు కూడా అదే కోవలోవి. లోపల ఉండేది పొడవైన పట్టిక: ఈ గుర్తుకి బదులు ఆ గుర్తు, ఈ ఒత్తు ముందుకి జరగాలి, ఆ గుడి వెనక్కి వెళ్లాలి. ఏళ్ల తరబడి ఒక్కో తప్పూ దిద్దుకుంటూ పెరిగిన పట్టికలవి. వాటి వెనక ఉన్న ఓపికకి తగ్గ పేరు ఎన్నడూ రాలేదు.

నాగార్జునే 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకి పునాది వేశారు. అందులో ఏ ఊరి పేజీ తెరిచినా 2011 జనగణన ప్రకారం ఇన్ని ఇళ్లు, ఇంత జనాభా, ఇన్ని హెక్టార్లు అని ఒకే అచ్చులో పోసిన వాక్యం కనిపిస్తుంది. అంకెలే మారతాయి. వేల ఊళ్లకి ఇది చేత్తో రాయగలిగే పని కాదు. గ్రామాల పేజీల్లో చాలా భాగం బాట్ల సాయంతో, అంటే వికీలో మార్పులు చేసే స్క్రిప్టులతో పుట్టి పెరిగినవే. ఒకే మూసలో ఉన్నాయని వాటిని తేలిగ్గా చూసేవాళ్లున్నారు. అది సరైన చూపు అనిపించదు. పెద్ద పత్రికల్లో ఏనాడూ పేరు పడని పల్లెకి తెలుగులో ఒక చిరునామా దొరికింది, అక్కడి బడిపిల్లలకి తమ ఊరి జనాభా తమ భాషలో దొరుకుతోంది.

ఇలాంటి స్క్రిప్టుకి ఎంత జాగ్రత్త కావాలో జిల్లాల విభజన చూపిస్తుంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. చీరాల, పర్చూరు, అద్దంకి ప్రాంతాలు బాపట్ల జిల్లాకి, కందుకూరు ప్రాంతం నెల్లూరు జిల్లాకి వెళ్లాయి. ఆ మండలాల జాబితాల్లో ప్రకాశం అని ఉన్నచోటల్లా కొత్త జిల్లా పేరు పెట్టమంటే చరిత్ర చెప్పే వాక్యం కూడా మారిపోయి, 1970లో బాపట్ల జిల్లా ఏర్పడినట్టు తేలుతుంది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరుకీ అదే గతి పట్టొచ్చు. మార్చే ముందు ఏయే వరుసలు మారబోతున్నాయో చూపించమని అడిగి, కంటితో చదివి, ఆ తర్వాతే సరేననాలి.

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల లినక్స్, డెవాప్స్ కోర్సులు నేర్చుకుని సపోర్ట్ ఉద్యోగాల్లో చేరిన పశ్చిమ ప్రకాశం కుర్రాళ్లు ఇంకో రకం సెట్టింగులతో రోజూ పడుతుంటారు. సర్వర్లలో వేళకి పని చేయించే 'క్రాన్' 1970ల నుంచీ ఉంది. అర్ధరాత్రి 12కి బ్యాకప్ తీయమని అందులో రాస్తే, సర్వర్ గడియారం యూటీసీలో ఉన్నప్పుడు మనకి అది తెల్లవారి 5:30. గడియారం న్యూయార్క్‌ది అయితే మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున 2 గంటలు కాగానే 3 అయిపోతుంది. ఆ రోజు 2:30 అనే వేళే ఉండదు. ఆ వేళకి పెట్టిన పని ఏమవుతుందన్నది అక్కడి క్రాన్ రకం మీద ఆధారపడుతుంది. అందుకే పెద్ద పనులను ఆ గంటలో పెట్టరు. సర్వర్ల పేర్లు, పోర్టులు, తాళాలు ఎస్సెస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్‌లో ఒక్కసారి రాసుకుంటే రోజూ పొడవాటి చిరునామా కొట్టక్కర్లేదు. లినక్స్‌లో తెలుగు కీబోర్డు కూడా ఇలాంటి చిన్న మార్పే. ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఉచ్చారణ మీద నడిచే కగప, సరళ అనే అమరికలు అందులో ముందే ఉన్నాయి, సెట్టింగుల్లో చేర్చుకుని ఇంగ్లీషుకీ తెలుగుకీ మారే మీట ఒకటి పెట్టుకోవాలి. ఇలాంటి సొంత సెట్టింగుల ఫైళ్ల పేర్లు చుక్కతో మొదలై మామూలుగా కనపడకుండా ఉంటాయి. తొలి యూనిక్స్‌లో రెండు ప్రత్యేక పేర్లను దాచడానికి రాసిన తొందరపాటు షరతు వల్లే ఈ ఆచారం అనుకోకుండా పుట్టిందని రాబ్ పైక్ చెప్పాడు.

స్క్రిప్ట్ మనిషి కన్నా వేగంగా పని చేస్తుంది, తప్పు కూడా అంతే వేగంగా చేస్తుంది. 2015 జనవరిలో స్టీమ్ అనే ఆటల సాఫ్ట్‌వేర్ లినక్స్ స్క్రిప్ట్‌లో ఒక లోపం బయటపడింది. ఫోల్డర్ చిరునామా ఉండాల్సిన చోట ఖాళీ వచ్చింది, ఆ ఫోల్డర్‌లో ఉన్నదంతా తుడిచేయమన్న ఆదేశం కంప్యూటర్ మొత్తాన్ని తుడిచేయడంగా మారి ఒక వాడుకరి ఫైళ్లన్నీ పోయాయి. చిరునామా ఖాళీగా ఉంటే ఆగిపో అని ఒక్క వరుస ముందు ఉంటే సరిపోయేది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజనీరు అలసిపోయిన వేళ వేరే సర్వర్‌లోని డేటా ఫోల్డర్ తుడిచేశాడు. బ్యాకప్ ఉందిలే అనుకుని చూస్తే, వెర్షన్ల తేడా వల్ల ఆ బ్యాకప్ స్క్రిప్ట్ చాలాకాలంగా ఏమీ తీయడం లేదు. అది విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. ఆరు గంటల డేటా తిరిగి రాలేదు. ఆ కంపెనీ జరిగినదంతా దాచకుండా బయటపెట్టడం వల్లే మిగతా ప్రపంచం దీన్నుంచి నేర్చుకుంది. బ్యాకప్ తీశామా అన్నదాంతో ఆగకుండా, నెలకోసారి ఆ బ్యాకప్ నుంచి ఒక ఫైల్ తిరిగి తెచ్చుకుని తెరిచి చూడాలి.

నెట్ సరిగా నిలవని చోట బ్యాకప్‌కి 'ఆర్‌సింక్' బాగా ఒదుగుతుంది. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ రాసిన ఈ ప్రోగ్రాము మారిన భాగాలనే పంపిస్తుంది. సగంలో ఆగిన ఫైల్‌ని ఉంచుకోమని చెబితే, కరెంటు పోయి వచ్చాక అక్కడి నుంచే అందుకుంటుంది.

నేర్చుకోవడానికి ల్యాప్‌టాప్ లేకపోయినా ఫర్వాలేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టర్మక్స్ అనే ఉచిత యాప్ ఎక్కిస్తే గ్రెప్, సెడ్, సార్ట్, పైథాన్ అన్నీ అరచేతిలోకి వస్తాయి. రాసిన స్క్రిప్ట్‌లో తప్పులుంటే షెల్‌చెక్ అనే ఉచిత పనిముట్టు వరుస నంబరుతో సహా చూపిస్తుంది. మొదటి స్క్రిప్ట్ అసలు ఫైల్‌ని ముట్టుకోకూడదు, ఫలితాన్ని కొత్త ఫైల్‌లో రాయాలి. ముందు ఎన్ని వరుసలున్నాయో, తర్వాత ఎన్ని ఉన్నాయో చూడాలి. 1,240 లోపలికి వెళ్లి 1,238 బయటికొస్తే ఆ రెండూ ఏమయ్యాయో తేలేదాకా ఫైల్ ఎవరికీ పంపకూడదు.

ఉద్యోగులకి బదిలీలు ఉంటాయి. జాబితా సరిచేసిన మనిషి వెళ్లిపోతే ఆ పట్టిక ఎందుకలా ఉందో తర్వాత వచ్చినవాళ్లకి తెలియదు. స్క్రిప్ట్‌లో హ్యాష్ గుర్తు పెట్టి రాసిన వరుసను కంప్యూటర్ వదిలేస్తుంది, అది మనుషుల కోసమే. అక్కడ తెలుగులోనే రాసుకోవచ్చు: ఈ షరతు తేని జిల్లా కంభం కలవకుండా పెట్టింది, ఫలానా తేదీన చేర్చింది, తీసేయవద్దు.